చెరువు పక్క గది

అక్కా, మేం క్షేమం, ప్రభువు కృప మీ ఇంటి మీద ఉండాలి. ఈ అడవిలో ఫోను కలవడం లేదు, అందుకే కార్డు రాస్తున్నాను.

దొరికిన నాలుగు రోజుల సెలవుకి మన దొరవారిసత్రం వద్దామని నేనంటే, నీ మరిది సఫారీ అన్నాడు. సరే, ఎక్కడ దిగాలో మాత్రం నేనే చెబుతానన్నాను. ఆయనకు ఏనుగులు కనబడే కాటేజీ మీద మనసు. నేను చెరువు పక్క గదే కావాలని పట్టుబట్టాను. బుక్ చేసేటప్పుడే మేనేజరు, "అక్కడ చెట్ల నిండా గూడబాతులు మేడమ్, ఆ అరుపులకీ కంపుకీ ఎవరూ ఉండరు" అన్నాడు. "ఆ అరుపులు వింటానే పెరిగినాం, మాకదే ఇయ్యండి" అన్నాను.

తీరా వచ్చి చూస్తే చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. పక్షులు పోయిన వారమే ఎగిరిపోయాయట. నీ మరిది దెప్పుతాడనుకున్నాను. "మీ ఊరికే పొయ్యుంటాయిలే కెజియా" అన్నాడు. దాంతో నాకు ఏడుపు ఆగలేదు.

బావ దగ్గు తగ్గిందా? ఎవరైనా బెంగళూరు వస్తుంటే ఎండు రొయ్యలు పంపు, ఈసారి ఇసుక లేకుండా చెరిగి పంపు. పిల్లలిద్దరికీ నా ముద్దులు.

మన చెరువులో గూడబాతులు దిగాయా? వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ఫోన్ చేస్తాను. నువ్వేం మాట్లాడొద్దు, ఫోను తీసుకెళ్లి కాసేపు చెరువు వైపు పెరటి కిటికీలో పెట్టు.

నీ చెల్లెలు,
కెజియా