సరళ టీచర్ కుర్చీ

సరళా,

నువ్వు పోయాక గోపన్‌పల్లి బడిలో నీ తొమ్మిదో తరగతి సోషల్ నాకిచ్చారు. ఇవాళే మొదటి క్లాసు, ప్రభుత్వాల పాఠం. నువ్వు చెప్పే పద్ధతిలోనే మొదలుపెట్టాను. గదిలో తిరిగేది ఒక్క ఫ్యానే కాబట్టి, దాని కింద ఎవరు కూర్చోవాలో ముందు రాజు, తర్వాత సైన్యాధికారి, చివరికి అందరూ ఓటేసి తేల్చాలి.

రాజైన మహేశ్ తన దోస్తులను కూర్చోబెట్టుకున్నాడు. సైన్యాధికారి వాళ్ళను లేపి తానొక్కడే కూర్చున్నాడు.

ఓటు వంతు రాగానే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు లావణ్య లేచింది.

"ఫ్యాన్ సంగతి ఇడిసిపెట్టుండ్రి టీచర్. సరళ టీచర్ కుర్చీల మీరు కూసోవాల్నా వద్దా, దాని మీద ఓటు పెడదాం. మా అపార్ట్‌మెంట్ల ఓనర్లకే ఓటు. ఈడ అందరికీ ఉండాలె."

కాదనడానికి నేను రాజును కాను. చీటీలు పంచారు. నాకూ ఒకటిచ్చారు.

నేను ఓడిపోయాను. పిల్లలు బిక్కమొహాలతో నా వంక చూశారు. ఓడినవాళ్ళు తీర్పును ఒప్పుకోవడమే ప్రజాస్వామ్యమని చెప్పి, మిగతా పాఠం నిలబడే ముగించాను. కుర్చీ అక్కడే ఉంది.

రహస్య ఓటు కదా, నా చీటీలోనూ 'వద్దు' అనే ఉందని వాళ్ళకు చెప్పలేదు.

పద్మజ