ఒక్కపొద్దు నాటి మాత్ర

రంగడి నాయనకు,

ఈరోజు పెరటాసి నెలలో మొదటి శనివారం. మీరు పోయాక మొదటిసారి పెరుమాళ్ళకు తళిగ వేసి నైవేద్యం పెట్టాం.

గడియారం చూడడం రాని అత్తకు, పొద్దున మిల్లు సైరన్, ఆ సంగు ఊదగానే షుగర్ మాత్ర మింగమని మీరే నేర్పారు. ఆలోపే ఇడ్లీ పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేవారు. ఈరోజు ఆవిడ ఒక్కపొద్దు. అయినా పొద్దున సంగు వినగానే మాత్ర మింగేసింది. నేను చూడలేదు.

మధ్యాహ్నం పూజలో దీపం ముందు కూర్చున్న అత్త వణకసాగింది. ఒళ్ళంతా చెమట, ఏవేవో మాటలు. "పెరుమాళ్ళు వచ్చుండాడు, సీక్రం కర్పూరం తేండి!" అని పక్కింటి చిన్నమ్మ అరిచింది. అందరూ కాళ్ళ మీద పడ్డారు. మాత్ర వేసుకుని తినకపోతే ఇలాగే అవుతుందని, వెంటనే తీపి పెట్టమని డాక్టరు మీతో చెప్పింది నాకు గుర్తొచ్చింది. నైవేద్యానికి కలిపిన పానకమే గుక్కగుక్కగా తాగించాను.

తెలివి రాగానే, "ఏందే, సామికి చూపకముందే ఎచ్చిలి చేస్తివా?" అని తిట్టింది. ఆ తిట్టు వినేదాకా నాకు ఊపిరాడలేదు.

ఏదో ఒకటి మానమని బతిమాలాను. "మాత్ర నా కొడుకు చెప్పింది. ఒక్కపొద్దు నా కొడుకు కోసం మొక్కుకొనింది. దేన్ని మానాల?" అంది.

వచ్చే శనివారం అత్త మీదికి వచ్చే సామిని చూడడానికి వీధంతా వస్తారట. నాకు భయంగా ఉంది. ఆ పొద్దున కూడా సంగు ఊదుతుంది.