ఫ్యానులో కుంకుమ

గురువారం, రాత్రి

కొంపల్లి షాపులో కొత్తది కొనుక్కోమన్నారు. ఇప్పుడెక్కడ కొంటాం? ఆ పాత ల్యాప్‌టాప్‌నే మేడ్చల్‌ తీసుకెళ్లి బాగుచేయించాను. ఉద్యోగం పోయినప్పటి నుంచి మా ఆయన ఇంటర్వ్యూలన్నీ దాంట్లోనే. మధ్యలో వేడెక్కి ఆగిపోతోంది. అప్పుడు ఆయన మొహం చూడలేకపోతున్నాను.

రిపేరు చేసే ఖాదర్ భాయ్ వెనక మూత విప్పి, లోపలి చిన్న ఫ్యాను చూపించాడు. రెక్కలకు ఎర్రగా గడ్డకట్టి ఉంది.

"కుంకుమ ఇది, మేడం. దసరాకు పూజ జేస్తరు, నాకెరుకే. గానీ గింత ఎట్ల వచ్చింది?"

ప్రతి ఇంటర్వ్యూకీ ముందు, కొడుక్కి ఉద్యోగం రావాలని అత్తయ్య కీబోర్డు మీద కుంకుమ చల్లుతారు.

అంతా శుభ్రం చేసి, వేడికి పాడైన హార్డ్ డిస్క్ మార్చి ఇచ్చాడు. ఇప్పుడు చప్పుడు లేకుండా నడుస్తోంది.

"ఏం పాడైందట?" ఇంటికి రాగానే అత్తయ్య అడిగారు.

దుమ్మన్నాను.

"అదే మరి. ఇంత పూజ చేస్తుంటే ఊరికే ఎందుకు పాడవుతుంది?"

నిజం చెబితే, చేతికందాల్సిన ఉద్యోగాలన్నీ తన వల్లే పోయాయని కుమిలిపోతారు. చెప్పకపోతే... రేపు పొద్దున్నే ఇంకో ఇంటర్వ్యూ. కుంకుమ భరిణె ఇప్పుడే తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి పడుకున్నారు.