పెరుగు పోసిన పిండి

గురువారం. రేపు గుడ్ ఫ్రైడే.

ఒళ్లు ఇంకా మండుతానే ఉంది. మా మామ కాలం నుంచి ఈరోజు ప్రార్థనకి ఇంట్లో పులియని రొట్టెలే చేస్తాం. గోధుమపిండి, నీళ్లు, అంతే. బైబిల్లో ఐగుప్తు దేశం నుంచి బానిసలు పిండి పులిసేదాకా ఆగకుండా పారిపోయినారు కదా, దానికి గుర్తు. అట్లాంటిది తోటికోడలు సునీత పొద్దున్నే పిండిలో పెరుగు పోసి పెట్టింది! అడిగితే, "మెత్తగా వస్తాయని అక్కా" అంటది.

"ఐగుప్తు నుంచి పరిగెత్తినోళ్లు మెత్తటి రొట్టెలు తిన్నారా?" అని అరిచినా. ముద్దంతా బర్రె కుడితిలో పడేసి, మళ్లీ నేనే కలిపి కాల్చినా.

ప్రార్థన అయినాక అత్తమ్మకి ముక్క ఇచ్చినా. చాలాసేపు చప్పరించి, ఎవరూ చూడట్లేదనుకొని, తీసి కొంగున ముడేసుకుంది.

పోయిన నెలలోనే ఆమెకి పళ్లన్నీ పీకించినాం. సునీతకి గుర్తుంది. ఆ మాట చెప్పొచ్చు కదా నాతో!

చెప్పనిచ్చినానా నేను?