మీ బావ మాటలు

తమ్ముడూ,

నువ్వు వెళ్లినప్పటి నుంచి మీ బావ నోరు విప్పలేదు. నాకు గాభరాగా ఉండి రాస్తున్నాను.

"బాగానే మాట్లాడుతున్నారు" అని నీకు ఫోన్లో చెప్పాను కదా. అది పూర్తి నిజం కాదు. పక్షవాతం వచ్చాక ఆయనకు సొంతంగా ఒక్క మాటా పెగలడం లేదురా. ఆయన ఎప్పుడూ చూసే ఆ పాత కామెడీ సినిమా డైలాగులు మాత్రం తడుముకోకుండా వచ్చేస్తాయి. ఆకలేస్తే హోటల్ సీన్లో మాట, నా మీద కోపమొస్తే అందులో ఇంటి ఓనర్ మాట. వాటితోనే సంసారం నెట్టుకొస్తున్నాం.

మొన్న నిన్ను చూసిన సంతోషంలో, ఆ సినిమాలో అల్లుణ్ణి పలకరించే మాట అందుకున్నారు. నువ్వు నవ్వుతూ, "ఇంకా ఆ చెత్త సినిమానేనా బావా? అందులో కామెడీ ఎక్కడుంది?" అన్నావు. సరదాకే అన్నావు, నాకు తెలుసు. ఆయన మాత్రం సినిమాని అన్నావనుకోలేదు.

ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా గ్లాసు వైపు చూసి ఊరుకుంటున్నారు. టీవీలో ఆ సినిమా పెడితే కట్టేయమని చెయ్యి ఊపారు. ఇలాగే ఉండిపోతారేమోనని భయంగా ఉంది.

ఆదివారం వస్తావా? సినిమా బాగుందని అబద్ధమాడక్కర్లేదు. పక్కన కూర్చుని, "ఎలా ఉన్నావ్ బావా?" అని అడుగు. ఏ డైలాగు వచ్చినా, నీతోనే అన్నట్టు బదులు చెప్పు.

అక్క