లివర్ పట్టుకునే మనిషి

మన మెకానిక్ షెడ్డు నుంచి,
గురువారం మధ్యాహ్నం.

వదినకు,

మరదలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, బుజ్జిగాడూ బాగున్నారని తలుస్తాను. వాడు కూర్చుంటున్నాడట కదా. మెడ నిలవగానే వచ్చేస్తానని వెళ్లావు, ఇప్పుడు వాడు కూర్చున్నాడు, నువ్వూ అక్కడే కూర్చున్నావు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు నాలుగు ఊఁలు కొట్టి, వాడు ఏడుస్తున్నాడంటూ అమ్మాయి చేతికిచ్చేస్తావు. ఉత్తరమైతే మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేవు. ఇచ్చినా చివరిదాకా చదివాకే ఇవ్వు.

అసలు సంగతి, మన ఎర్రబండికి ముందు బ్రేకు పోయింది. కంగారుపడకు, నేనేం పడలేదు. ఆయిల్ పైపు పగిలి కారుతుంటే కొత్తది వేశాను. పైపు మారిస్తే లోపలికి గాలి చేరుతుంది కదా, ఆ గాలి తీసేదాకా లివర్ నొక్కితే మెత్తగా వెళ్లి హ్యాండిల్‌కి ఆనుకుంటుంది, బండి మాత్రం ఆగదు. గాలి తీయాలంటే ఇద్దరుండాలని నీకు నేను చెప్పాలా! నువ్వు పైన లివర్ నొక్కి పట్టుకోవాలి. నేను కింద కూర్చుని నట్టు వదులు చేస్తే ఆయిలూ బుడగలూ కలిసి సీసాలోకి దిగుతాయి. పట్టుకున్నావా అని నేనడగాలి, పట్టుకున్నా అని నువ్వనాలి, బిగించా అని నేననేదాకా నువ్వు వదలకూడదు. నీ తమ్ముడు కూర్చోబెట్టి నేర్పిన పని ఇదొక్కటే. మిగతావన్నీ ఆయన చేస్తుంటే నేను చూసి దొంగిలించినవే.

మొదట్లో నేను బిగించకముందే వదిలేసేదానివి, గుర్తుందా? పోయిన గాలి పోయినట్టే పోయి వెనక్కొచ్చేది. నీ తమ్ముడు నెత్తి కొట్టుకుని, అక్కా, నీ బలమంతా నోట్లోనే ఉంది, చేతికి కాస్త దింపమనేవాడు. నువ్వు అలిగి నీ కుట్టుమిషను దగ్గరికి పోయి సీటు కవర్లు కుట్టుకుంటూ కూర్చునేదానివి, మళ్లీ నేనే వచ్చి బతిమాలాలి. ఆయన పోయాక మాత్రం ఒక్కసారి కూడా ముందు వదల్లేదు నువ్వు. వేళ్లు ఎర్రగా కందిపోయినా అలాగే పట్టుకునేదానివి. నేను చూడలేదనుకున్నావు గానీ, చూశాను.

నువ్వు లేవు కదా అని పక్కన పంక్చర్ల తాతను పిలిచాను. అది నా బుద్ధి తక్కువ. దారిన పోయే ప్రతివాడినీ చెయ్యెత్తి పలకరించందే ఆయనకి తోచదు, ఆ ఎత్తేదేమో లివర్ పట్టుకున్న చెయ్యే! సీసాలోకి దిగింది దిగినట్టే పైకి పీల్చుకుంది. నేను కేకలేస్తే, మనుషులకన్నా బ్రేకు ఎక్కువా అమ్మా అని నాకే నీతులు చెప్పాడు. పోనీ ఒక్కదాన్నే చేద్దామంటే నావి పొట్టి చేతులాయె. లివర్ అందితే నట్టు అందదు, నట్టు అందితే లివర్ అందదు.

ఆదివారం పొద్దున ఒక పిచ్చిపని చేశాను. కింద కూర్చుని, పానా నట్టుకి తగిలించి, అలవాటు కొద్దీ పట్టుకున్నావా అని గట్టిగా అరిచాను. అరిచి, జవాబు కోసం ఆగాను కూడా. అటుగా పోతున్న పాలవాడు లోపలికి తొంగిచూసి, ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావని అడిగాడు. బండితో అన్నాను. వాడు పాపం, సరే సరే అంటూ జారుకున్నాడు.

నీ మిషను మీద పాత దుప్పటి కప్పాను. రోజూ తీసి, దుమ్ము దులిపి, మళ్లీ కప్పుతున్నాను. సీటు చిరిగిన బళ్లొస్తే, మా వదిన రాగానే కుట్టిస్తానని పంపేస్తున్నాను. ఆ పొడుగాటి బడిపంతులు, ఇంకెప్పుడొస్తుందమ్మా మీ వదిన అని ఊరికే అడుగుతుంటే మొన్న విసుక్కున్నాను. ఆయన సీటు మీద సంచి పరుచుకుని కూర్చుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా బాధేసింది. ఒక్కదానికే టీ పెట్టడం నాకింకా చేతకావడం లేదు. నీ వాటా తాత తాగుతున్నాడు, నీ దయవల్ల కాస్త ఒళ్లు చేశాడు కూడా.

మొన్న అమ్మాయి ఫోన్లో, అమ్మ ఇక మా దగ్గరే ఉండిపోతుంది అత్తా, మిషను ఏదైనా లారీలో వేసి పంపించెయ్ అంది. నువ్వు పక్కనే ఉన్నావట. మరి మీ అమ్మ ఏమందే అని అడిగితే, ఏమీ అనలేదంది. అంత నోరున్న మనిషివి, ఏమీ అనకపోవడమేమిటి వదినా? ఆ మాట అమ్మాయిదా, నీదా? అప్పట్నుంచీ అదే ఆలోచన, అన్నం కూడా సయించడం లేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పూర్తి మొగుడు పోయినప్పుడు, అర్ధమైనా మిగిలిందిలే అని గుండె చిక్కబట్టుకున్నాను. ఇప్పుడు ఆ అర్ధమూ మనవడి పాలైంది. వాడి మీద నాకు కోపమేమీ లేదు, ముద్దులు మూటగట్టే వయసు వాడిది. కానీ వాడికి మీరందరూ ఉన్నారు.

అంటే, నిన్ను ఉండిపొమ్మని అడగడం లేదు. బ్రేకు పని ఒక్కపూట చూసి వెళ్లిపోదువుగాని. బస్సు దిగి అక్కడే ఉండు, ఆటో పిల్చుకోకు, తాత బండి తీసుకుని నేనొస్తాను. దాని బ్రేకులు బాగానే ఉన్నాయి, నోరే బాగా మోగుతుంది, ఆయన లాగే.

బుజ్జిగాడికి నా ముద్దులు. అమ్మాయినీ, అల్లుణ్ణీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మరదలు.

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టి అంటించి, మళ్లీ చింపి తీశాను. నీకు అబద్ధం రాసి పంపడానికి చెయ్యి రాలేదు. బ్రేకు సోమవారమే బాగైపోయింది వదినా. నా చేతులేం పొట్టివి కావు. బండి పక్కన గొంతుక్కూర్చుంటే ఒక చెయ్యి లివర్‌కీ, ఇంకో చెయ్యి నట్టుకీ శుభ్రంగా అందుతాయి. నీ తమ్ముడివైతే ఇంకా పొడుగు చేతులు, ఆయనకీ అందేవి. మరి ప్రతిసారీ పని మాన్పించి మనల్ని ఎందుకు పిలిచేవాడో, సోమవారం ఒక్కదాన్నే గాలి తీసుకున్నాక తెలిసింది. లివర్ రాయిలా గట్టిపడింది. ఆ సంగతి చెప్పడానికి మనిషి లేక అక్కడే కూర్చుని ఏడ్చాను.

నువ్వొచ్చి నొక్కి చూస్తే దొరికిపోతానని, ఉత్తరం రాసిన వెంటనే వెళ్లి నట్టు వదులు చేసి, మళ్లీ గాలి ఎక్కించాను. ఇప్పుడు లివర్ నిజంగానే మెత్తగా ఉంది. ఎవరూ బండి బయటికి తీయకుండా చక్రం కింద రాయి పెట్టి, తాళం నా కొంగుకు ముడేసుకున్నాను. రాగలిగితే రా. రాలేనంటే ఆ మాట నీ చేత్తోనే రాయి, అమ్మాయి చేత చెప్పించకు. అప్పుడు గాలీ నేనే తీసుకుంటాను, మిషనూ పంపిస్తాను. అప్పటిదాకా బండి అలాగే ఉంటుంది.