నా ముఖం, రఘునందన్ గొంతు

ఇటలీలోని టొరీనోలో పుట్టి, ప్రస్తుతం హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో నివసిస్తున్న సినిమా నటుడు లూచో ఫెరాండి, తండ్రి ఆల్దో, వయసు డెబ్బై ఒకటి, అను నేను పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినది ఇకపై చెల్లదు.

1. నా స్వార్జితమైన ఫిల్మ్‌నగర్ ఫ్లాటు నా తదనంతరం నా భార్య వందనకు సర్వహక్కులతో చెందుతుంది. పాట షూటింగుకు మా ఊరొచ్చిన తెలుగు సినిమా యూనిట్‌లో ఆమె దుస్తుల పని చూసేది. ఆ పాటలో నాది వెయిటరు వేషం. ఆమె వెంట ఇక్కడికి వచ్చి తెల్లదొర వేషాల్లో స్థిరపడ్డాను. ప్రతి సినిమాలోనూ హీరో చేతిలో చచ్చి, సాయంత్రానికి ఆమె వండిన పప్పుచారు తినడానికి ఇంటికి చేరేవాణ్ణి. ఇంతకంటే మంచి జీవితం నేనెరుగను.

2. నాకు మేకప్ చేసిన బోరబండ నాగసాయికి నా స్కూటరు. "జర నవ్వకుండ్రి సార్, మీసం ఊడిపోతది" అంటూ తనే నవ్వించేవాడు. ఆలస్యమైతే తప్పు నామీదకు తోసేవాడు, అది మరిచిపోలేదు. అయినా స్కూటరు అతనికే.

3. ఉత్తమ విలన్‌గా నాకిచ్చిన వెండి జ్ఞాపిక డబ్బింగ్ కళాకారుడు రఘునందన్‌కు. ఇన్నేళ్లూ తెరమీద ముఖం నాది, గొంతు అతనిది. ఆ రోజు అతన్ని వేదిక మీదకు పిలవని నిర్వాహకులను నేనింకా క్షమించలేదు. నిరుడు తొలిసారి నాకు తెలుగింటి తాత వేషం దొరికింది. దర్శకుడు అలవాటుగా డబ్బింగుకు రఘునందన్‌నే పిలిపించాడు. షూటింగులో నేను చెప్పిన మాటలు విని, అతను హెడ్‌ఫోన్లు తీసేశాడు. "ఈ తాతకి ఈ గొంతే ఉండాలండీ. నేను చెబితే ఈ మనిషే ఉండడు" అని, చేతికొచ్చిన పని వదులుకుని వెళ్లిపోయాడు. నా గొంతే ఉంచడానికి దర్శకుడు ఒప్పుకోక తప్పలేదు.

4. అమలు బాధ్యత న్యాయవాది హరిణి గారిది. నన్ను టొరీనో పంపవద్దు. ఇక్కడే ఖననం చేయాలి.

5. టొరీనోలో మా నాన్న ఇంట్లో నా వాటా చెల్లెలు తెరెసాకు. దేశం విడిచానన్న కోపంతో నా పెళ్లికి రాలేదు. నా సినిమాలు పంపితే, "ఎవరో పరాయివాడు మాట్లాడుతున్నాడు" అని మధ్యలోనే ఆపేసేది. తాత వేషం వేసిన సినిమా కూడా పంపాను. ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. "ఒక్క మాటా అర్థం కాలేదు, అన్నయ్యా. కానీ అది నాన్న గొంతు" అంది.

హైదరాబాదు, 14 నవంబరు 2025

(సంతకం) లూచో ఫెరాండి

మా ఎదుట సంతకం చేశారు:
వెంకటరామయ్య, మధురానగర్
జ్ఞానప్రసూనాంబ, వెంగళరావు నగర్